‘బాగానే ఉన్నానక్కా!’

పల్లెలో ఒక కోడలు నెల తప్పిందంటే ఆ కబురు ఇల్లు దాటి ఆశా కార్యకర్త చెవిన పడటానికి ఎంతోసేపు పట్టదు. వెంటనే పేరు రిజిస్టర్‌కెక్కుతుంది. చేతికి తల్లీబిడ్డల కార్డు వస్తుంది. ఇంటికి రక్తం మాత్రలు వస్తాయి. అంగన్‌వాడీలో పప్పన్నం, గుడ్డు, పాలు ఉంటాయి. నొప్పులొస్తే 108 బండి, కాన్పయ్యాక ఇంటికి దింపడానికి 102 బండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం, తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే జరిగాయి. పురుడంటే పునర్జన్మేనని ఆడవాళ్ళు భయపడిన రోజులు ఎరిగిన వాళ్ళకు ఇది ఎంత పెద్ద మార్పో వేరే చెప్పనక్కర్లేదు.

ఇంత జాగ్రత్తలోనూ అడగకుండా వదిలేస్తున్న ప్రశ్న ఒకటుంది. నెలకోసారి అంగన్‌వాడీ కేంద్రంలో జరిగే ఆరోగ్య పోషణ దినానికి వెళ్ళి చూస్తే తెలుస్తుంది. చాప మీద ఆరేడుగురు గర్భిణులు కూచుని ఉంటారు. ఏఎన్‌ఎం ఒక్కొక్కరినీ పిలిచి బరువు తూస్తుంది, చేతికి పట్టీ చుట్టి బీపీ చూస్తుంది, వేలు గుచ్చి రక్తం ఎంతుందో చెబుతుంది. పొట్ట తడిమి బిడ్డ గుండె చప్పుడు వింటుంది. ‘‘వేళకు తింటున్నావా? మాత్రలు మింగుతున్నావా, పారేస్తున్నావా? బిడ్డ తిరుగుతోందా?’’ అని అడుగుతుంది. ‘‘బాగానే ఉన్నానక్కా’’ అంటుంది ఆ పిల్ల. మూడడుగుల దూరంలో అత్తగారు కూచుని ఉంటుంది. ఆ మాట తప్ప మరో మాట చెప్పే వీలు అక్కడ లేదు. ఏఎన్‌ఎంకు ఆగి అడిగే తీరికా లేదు. మరో పేరు పిలుస్తుంది.

ఆ చాప మీద ఉన్నవాళ్ళలో ఒకరు నిజానికి బాగా లేకపోవచ్చునని లెక్కలు చెబుతున్నాయి. ప్రపంచవ్యాప్తంగా గర్భిణుల్లో 10 శాతం మంది, బాలింతల్లో 13 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో, ముఖ్యంగా డిప్రెషన్‌తో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వర్ధమాన దేశాల్లో అది గర్భిణుల్లో 15.6 శాతం, బాలింతల్లో 19.8 శాతం. మన దేశంలో బాలింతల మీద జరిగిన 38 అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షను ఆ సంస్థ బులెటిన్ 2017లో ప్రచురించింది. నూటికి 22 మంది బాలింతల్లో డిప్రెషన్ లక్షణాలు ఉన్నాయని అందులో తేలింది. ఇంత మందికి రక్తపోటో చక్కెరో ఉంటే ఊరంతా చెప్పుకునేది. మనసు సంగతి కనుక కార్డులోకీ రాదు, కబుర్లలోకీ రాదు.

రాకపోవడానికి కొంత కారణం ఆ జబ్బు లక్షణాల్లోనే ఉంది. నిద్ర పట్టదు, అన్నం సయించదు, కాస్త పనికే నీరసం వస్తుంది, ఊరికే కన్నీళ్ళొస్తాయి. ఇవన్నీ వేవిళ్ళ నాడూ ఉండేవే, నెలలు నిండాకా ఉండేవే. ‘‘కడుపుతో ఉన్నదానికి ఆ మాత్రం ఉండదా!’’ అని పెద్దవాళ్ళు తీసిపారేస్తారు. చాలాసార్లు ఆ మాట నిజమే కూడా. రక్తం తక్కువైనా, థైరాయిడ్ సరిగా పనిచేయకపోయినా ఇలాగే ఉంటుంది. మన రెండు రాష్ట్రాల్లోనూ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవారే కాబట్టి ముందు ఆ పరీక్షలు చేయించాల్సిందే. తేడా తెలిసేది మరోచోట. రెండు వారాలు గడిచినా మనసు మీది బరువు దిగకపోవడం, ఒకప్పుడు ఇష్టమైనవేవీ ఇష్టంగా తోచకపోవడం, నలుగురిలోకి రావడం మానేయడం, అన్నిటికీ నాదే తప్పనుకోవడం, పుట్టబోయే బిడ్డ ఊసెత్తితే మొహం తిప్పుకోవడం కనిపిస్తే అది వేవిళ్ళ నీరసం కాదు. చూడాల్సిన జబ్బు.

ఈ దిగులు ఎక్కడి నుంచి వస్తుంది? తమిళనాడులోని వేలూరు చుట్టుపక్కల పల్లెల్లో ఆఖరి నెలల గర్భిణులను కాన్పు తర్వాత దాకా గమనించిన అధ్యయనం ఒకటి 2002లో వెలువడింది. అందులో తేలిన కారణాలు చదివితే మన ఊరి సంగతులే అనిపిస్తాయి. చాలీచాలని రాబడి, కొడుకు కావాలనుకున్నచోట కూతురు పుట్టడం, అత్తగారితోనో పుట్టింటివాళ్ళతోనో పొసగకపోవడం, కడుపుతో ఉన్నప్పుడే ఇంట్లో ఏదో ఆపద రావడం, పనిలో చేయందించే మనిషి లేకపోవడం. అదే ఏడాది గోవా నుంచి వచ్చిన మరో అధ్యయనం కూడా పేదరికాన్ని, భార్యాభర్తల మధ్య కలతలను, ఆడపిల్ల పుట్టడాన్ని వేలెత్తి చూపింది. ఒంట్లో జరిగే మార్పుల పాత్ర ఉండొచ్చు. కానీ కారణాల పట్టికలో పెద్ద భాగం ఆ ఇంటి నాలుగు గోడల మధ్యే ఉంది.

మన పల్లెల్లో ఆ పట్టిక ఇంకాస్త పొడుగు. తొలికాన్పు పుట్టింటి బాధ్యత. సీమంతం, పురుడు, ఆపరేషనైతే ఆస్పత్రి ఖర్చు, బారసాల, మనవడికి గొలుసు. తండ్రి ఏ వడ్డీకి తెచ్చాడో కూతురికి తెలుసు. జగిత్యాల, సిరిసిల్ల వైపు చాలా ఇళ్ళలో భర్త గల్ఫ్‌లో ఉంటాడు. వారానికి రెండుసార్లు వీడియో కాల్ వస్తుంది. ఫోను ముందు అత్త, తర్వాత మామ, తర్వాత ఆడబిడ్డ మాట్లాడాక ఆమె చేతికొస్తుంది. పక్కన ఇంతమంది ఉండగా అతడికి ఏం చెప్పగలదు? ‘మంచిగున్న’ అంటుంది. పాలమూరు నుంచో అనంతపురం నుంచో వలసపోయిన కూలీ కుటుంబంలోనైతే ఇవాళ చూసిన నర్సమ్మ వచ్చే నెల ఉండదు, కార్డు ఒక ఊళ్ళో, మనిషి మరో ఊళ్ళో. సాలూరు వైపు కొండమీది గూడేల నుంచి గర్భిణులను ముందుగానే తీసుకొచ్చి వసతిగృహాల్లో ఉంచుతున్నారు. డోలీలో మోసుకొచ్చేలోగా ప్రాణాలు పోకుండా కాపాడే మంచి పని అది. అయితే ఇంటి దగ్గర వదిలొచ్చిన పెద్దబిడ్డ మీద ఆ తల్లికి ఎంత బెంగ ఉంటుందో కూడా ఎవరో ఒకరు అడగాలి.

వయసు మరో సంగతి. ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళ మధ్య మహిళల్లో పద్దెనిమిది నిండకముందే పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం అని అదే కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. నిన్నటి దాకా బడి సంచి మోసిన పిల్ల ఇవాళ కడుపు మోస్తుంటే, ఆమె మనసులో ఏముందో చెప్పుకోవడానికి ఆమెకే మాటలు తెలియవు. చదువు ఆగిపోయిందన్న దుఃఖాన్ని కూడా ఒళ్ళు బాగోలేదనే చెబుతుంది.

ఇలాంటి మనసులో మెదిలే ఆలోచనలు ఒక తీరుగానే ఉంటాయి. ‘ఈసారీ ఆడపిల్లే అయితే నా బతుకు ముగిసినట్టే.’ ‘నేను మంచి తల్లిని కాలేను.’ ‘నా వల్ల అందరికీ ఖర్చే.’ ‘పోయినసారి పోయినట్టే ఈ బిడ్డా దక్కదు.’ ఇందులో ఏ ఒక్క మాట పైకి వచ్చినా ఇంట్లోవాళ్ళ నోట వెంటనే వచ్చే సమాధానం మనందరికీ తెలుసు. ‘‘ఛఛ, అట్లా అనుకోకూడదు తల్లీ. నువ్వు దిగులు పడితే లోపలి బిడ్డకు తగులుతుంది.’’

ప్రేమతో అనే మాటే. కానీ అది చేసే పని వేరు. అప్పటిదాకా ఆమెకు దిగులు ఒక్కటే ఉంది. ఇప్పుడు దిగులు పడుతున్నందుకు తప్పు చేస్తున్నానన్న బాధ కూడా తోడైంది. కడుపులో బిడ్డకు తానే కీడు చేస్తున్నానని నమ్మిన తల్లి ఇక ఆ మాట ఎవరితోనూ అనదు. మింగేస్తుంది. ఆ తర్వాత ఎవరు అడిగినా బాగానే ఉన్నానంటుంది.

తల్లిని మరిచి బిడ్డనే చూడటం మనకు పాత అలవాటే. జనం చెప్పుకునే కథలో అభిమన్యుడు తల్లి కడుపులో ఉండగానే పద్మవ్యూహం సంగతి విన్నాడు. లోపలికి వెళ్ళడం విన్నాక సుభద్రకు నిద్ర పట్టింది, బయటికి రావడం వినలేకపోయాడు. తరతరాలుగా ఆ కథ చెప్పుకుంటూ, లోపలి బిడ్డ ఏం విన్నాడో ఆలోచించాం. నిండు చూలాలు, అలసిపోయింది, కన్ను మూతపడింది అని సుభద్ర వైపు నుంచి ఆలోచించిన వాళ్ళు తక్కువ. చివరికి ఆమె కునుకు కూడా కొడుకు చావుకు ఒక కారణమైపోయింది. గర్భిణి ఏం తిన్నా, ఏం విన్నా, ఏం అనుకున్నా బిడ్డ లెక్కలోనే చూడటం మన ఆస్పత్రులకు కూడా అలవాటైపోయింది. తల్లి మనసు కుంగితే బిడ్డ తక్కువ బరువుతోనో నెలలు నిండకుండానో పుట్టే ప్రమాదం పెరుగుతుందని అధ్యయనాలు చెబుతున్న మాట వాస్తవమే. అది డాక్టరు తెలుసుకుని జాగ్రత్తపడాల్సిన విషయం. తల్లిని భయపెట్టడానికి వాడుకోవాల్సిన విషయం కాదు. బిడ్డకు ఏమవుతుందన్నది పక్కన పెట్టినా, ఆమె బాధ ఆమె బాధే. దానికి వైద్యం దొరకడానికి అదొక్కటే చాలు.

మరి ఏమనాలి? దీనికి పొరుగు దేశంలోని పల్లెలు ఒక దారి చూపాయి. పాకిస్తాన్‌లోని రావల్పిండి జిల్లా గ్రామాల్లో మానసిక వైద్యుడు అతీఫ్ రెహ్మాన్ బృందం ఒక ప్రయత్నం చేసింది. అక్కడ మన ఆశాల్లాగే ఇంటింటికీ తిరిగే లేడీ హెల్త్ వర్కర్లు ఉంటారు. పెద్ద చదువులేమీ లేని ఆ మహిళలకే కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, డిప్రెషన్‌తో ఉన్న గర్భిణుల ఇళ్ళకు పంపారు. ఆఖరి నెలలో వారానికోసారి, కాన్పయ్యాక మొదటి నెలలో మూడుసార్లు, ఆపైన నెలకోసారి, మొత్తం పదహారుసార్లు వెళ్ళి మాట్లాడటమే వైద్యం. దాదాపు తొమ్మిది వందల మంది తల్లుల మీద జరిగిన ఆ పరీక్ష ఫలితాలు 2008లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి మామూలు పరామర్శలు మాత్రమే అందుకున్న తల్లుల్లో 53 శాతం మంది ఇంకా డిప్రెషన్‌లోనే ఉన్నారు. ఈ తీరుగా మాట్లాడినచోట 23 శాతం మందే మిగిలారు. ఆ ఇళ్ళలో పసిబిడ్డలకు విరేచనాలు తగ్గాయి, టీకాలు సక్రమంగా పడ్డాయి, తల్లితోపాటు తండ్రి కూడా బిడ్డతో ఆడుకోవడం పెరిగింది. తర్వాత ఆ పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో అందరికీ పనికొచ్చే పుస్తకంగా తెచ్చింది. గోవాలో తోటి మహిళల చేత ఇదే పని చేయించి చూశారు. తేడా రావల్పిండిలో వచ్చినంత పెద్దది కాకపోయినా, కోలుకున్నవారి సంఖ్య పెరిగింది.

ఆ మాటల్లో మంత్రం ఏమీ లేదు. మన ఊరి భాషలో చెప్పుకుంటే ఇలా సాగుతుంది. ‘‘తిన్నా తినకపోయినా అయ్యేదే అవుతుంది, నా రాత ఇంతే’’ అంటుంది గర్భిణి. అక్కడ కార్యకర్త ‘అట్లా అనకు’ అనదు. ‘‘ఆ మాట అనిపించినప్పుడు ఒంట్లో ఎట్లా ఉంటుంది? అప్పుడు ఏం చేస్తావు?’’ అని అడుగుతుంది. గుండె బరువెక్కుతుంది, పడుకుండిపోతాను, అన్నం మానేస్తాను అని జవాబు. మానేస్తే నీరసం. నీరసానికి పని సాగదు. పని సాగకపోతే అత్త చేత మాట పడాలి. మాట పడితే మళ్ళీ ‘నా రాత ఇంతే’. గానుగెద్దులా మనసు ఆ చుట్టే తిరుగుతోందని ఇద్దరూ కలిసి చూస్తారు. అర్థం కావడానికి బొమ్మలు కూడా ఉంటాయి. ఆ తర్వాత అదే సంగతిని మరోలా చూడొచ్చేమోనని మాట్లాడుకుంటారు. ‘‘రాత సంగతి నాకు తెలియదు గానీ, మధ్యాహ్నం నాలుగు ముద్దలు తింటే సాయంత్రానికి లేవగలను’’ అన్న మాట కార్యకర్త నోటి నుంచి కాకుండా ఆమె నోటి నుంచే రావాలి. చివర్లో ఒక చిన్న పని ఒప్పుకుంటారు. రేపు మధ్యాహ్నం తినడం, సాయంత్రం పక్కింటి వదినతో కాసేపు అరుగు మీద కూచోవడం. వచ్చే వారం అది కుదిరిందో లేదో, కుదరకపోతే ఎందుకు కుదరలేదో అడుగుతారు. మందలించరు. అత్తను కూడా కూచోబెట్టి మాట్లాడతారు, ఎందుకంటే ఆ నాలుగు ముద్దలు వేళకు కంచంలో పడాల్సింది ఆమె చేతుల మీదుగానే.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. గర్భిణి దిగులంతా ఆలోచనల్లో లోపమేనని అనుకుంటే పొరపాటు. రెండో ఆడపిల్ల పుడితే మాట పడాల్సి వస్తుందన్న భయం చాలా ఇళ్ళలో ఊహ కాదు. ఆడో మగో తేల్చేది తండ్రి నుంచి వచ్చే కణమేనని బడిలో చదువుకున్న భర్త కూడా అమ్మ ఎదుట నోరు విప్పడు. అప్పు ఊహ కాదు. తాగొచ్చి చేయి చేసుకునే మొగుడు అసలే ఊహ కాదు. దెబ్బలు తింటున్న మనిషికి మంచిగా ఆలోచించమని చెప్పడం క్రూరత్వం. అక్కడ ముందు కావాల్సింది దెబ్బలు ఆగడం. మహిళల సహాయానికి 181 నంబరు ఉన్నది అందుకే. ఆలోచన మార్చుకోవడంలో ఆమెకు చేయందించాలి, ఆ ఆలోచన పుట్టించిన పరిస్థితిని ఇంట్లోవాళ్ళు మార్చాలి. రెండోది వదిలేసి మొదటిది మాత్రమే చేస్తే భారం మళ్ళీ ఆమె నెత్తినే పడుతుంది.

కొందరికి మాటలు చాలవు. ‘కడుపుతో ఉండగా మనసుకు మందులా!’ అని బెదిరేవాళ్ళు ఎక్కువ. డాక్టరు పర్యవేక్షణలో గర్భిణులు వాడదగ్గ మందులు ఉన్నాయి. ఇదివరకే వాడుతున్నవాళ్ళు నెల తప్పగానే తమంతట తాము ఆపేయడం ప్రమాదం. కాన్పయిన మొదటి వారాల్లో నిద్రే లేకుండా, పొంతన లేకుండా మాట్లాడుతూ, లేని గొంతులు వినిపిస్తున్నాయంటే అది గాలి సోకడం కాదు, తాయెత్తుతో పోయేది కాదు. ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. చనిపోవాలనిపిస్తోందా అని అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టించినట్టవుతుందని చాలామంది జంకుతారు. అలా కాదని వైద్యులు ఎప్పటి నుంచో చెబుతున్నారు. 1987 నుంచి బాలింతల కోసం, తర్వాత గర్భిణుల కోసం ప్రపంచమంతా వాడుతున్న ఎడింబరో ప్రశ్నావళిలోని పది ప్రశ్నల్లో చివరిది తనకు తాను హాని చేసుకోవాలనిపించిందా అన్న ప్రశ్నే. పోలీసు కేసవుతుందన్న భయం కూడా అక్కర్లేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని కూడా తీవ్ర ఒత్తిడికి లోనైనట్టుగానే చూడమంటోంది, ఆదుకోమంటోంది.

పది ప్రశ్నలు అడిగే తీరిక లేకపోతే రెండు చాలు. ‘‘ఈ రెండు వారాల్లో మనసు దిగులుగా, ఆశ లేనట్టుగా ఉందా? ఏ పని మీదా ఇష్టం లేకుండా పోయిందా?’’ ఈ రెంటిలో దేనికి అవునన్నా ఇంకాస్త మాట్లాడాలి, అవసరమైతే పల్లె దవాఖానాకో పీహెచ్‌సీకో, అక్కడి నుంచి జిల్లా ఆస్పత్రి మానసిక వైద్యుడి దగ్గరికో పంపాలి. ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులను డాక్టర్లు ప్రత్యేకంగా పరీక్షించే కార్యక్రమం 2016 నుంచి నడుస్తూనే ఉంది. ఆ రోజు పరీక్షల్లో ఈ రెండు ప్రశ్నలకూ చోటివ్వచ్చు. కేరళ ‘అమ్మ మనసు’ పేరుతో గర్భిణుల, బాలింతల మానసిక ఆరోగ్యానికి విడిగా కార్యక్రమమే పెట్టుకుంది. మన రెండు రాష్ట్రాలూ ఆ బాట పట్టడానికి కొత్త భవనాలు కట్టనక్కర్లేదు, యంత్రాలు కొననక్కర్లేదు. అడిగేటప్పుడు పక్కన ఎవరూ లేకుండా చూడటానికి ఒక గది, కనీసం ఒక తడిక చాటు కావాలి. ఆశాలకు, ఏఎన్‌ఎంలకు శిక్షణ కావాలి. వాళ్ళ చేతుల్లో ఇప్పటికే ఉన్న పదీ పదిహేను రిజిస్టర్లకు మరొకటి తగిలిస్తే మాత్రం ఫలితం ఉండదు. అడగాల్సిన మనిషికి అడిగే వ్యవధి ఇవ్వాలి, ఆ పనికి తగిన పారితోషికమూ ఇవ్వాలి.

ప్రభుత్వం కదిలేదాకా ఇల్లు ఆగాల్సిన పనిలేదు. కడుపుతో ఉన్న కూతురో కోడలో మనసు బాగాలేదని ఒక మాట అంటే, వెంటనే ధైర్యం చెప్పకండి. చెప్పనివ్వండి. బిడ్డకు మంచిది కాదని భయపెట్టకండి. దూరాన ఉన్న భర్త ఫోన్ చేస్తే మొదటి పది నిమిషాలు ఆమెకే వదలండి. భర్తలూ, వారానికి ఒక్క కాల్ ఆమెతో మాత్రమే మాట్లాడండి. పుట్టేది ఎవరైనా మా బిడ్డేనని అత్తగారు నలుగురి ముందూ ఒక్కసారి అంటే కోడలి గుండెల మీది బరువు సగం దిగుతుంది. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. దారి తెలియకపోతే కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలి మానస్ ఉంది. నంబరు 14416. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. తల్లీబిడ్డల కార్డు అట్ట మీద ఆ ఐదంకెలూ ఇవాళే రాసిపెట్టండి.